గాంట్స్ హిల్ స్టేషను: పైన గుమ్మం లేదు, కింద మండపం ఉంది

అమ్మా, జయపురం నుంచి మీరు అడిగినవి మూడు సంగతులు. లండన్‌లో మీ అమ్మాయి ఇంటి దగ్గరున్న గాంట్స్ హిల్ స్టేషనుకు రోడ్డు మీద భవనమే కనబడదు, ఎందుకు? నగర శివారు స్టేషనుకు కింద రెండు ప్లాట్‌ఫారాల నడుమ గుడి మండపంలా అంత పెద్ద హాలు దేనికి? యుద్ధకాలంలో అక్కడ కర్మాగారం నడిచిందని పక్కింటి ముసలావిడ చెప్పింది, నిజమేనా?

నిజమే. అయితే ఆ కర్మాగారం స్టేషనులో కాదు, సొరంగంలో. ఈ తేడా పట్టుకుంటే మిగతా రెండు ప్రశ్నలు కూడా సగం విడిపోతాయి. మామూలుగా రైలు కోసం సొరంగం తవ్వుతారు, పట్టాలు వేస్తారు, రైలు నడుపుతారు. ఇక్కడ సొరంగం పుట్టింది కానీ రైలు రాలేదు. వచ్చేసరికి మధ్యలో ఒక మహాయుద్ధం గడిచిపోయింది.

ఇంత చనువుగా ఎందుకు మాట్లాడుతున్నానంటే, నా ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం సొరంగాల్లోనే గడిచింది. మాది రాయగడ. కోరాపుట్–రాయగడ లైను వేస్తున్న రోజుల్లో టికిరి, లక్ష్మీపూర్ రోడ్ వైపు కొండల్లో పని చూశాను. తర్వాత నా తమ్ముడి కూతురు ఇల్‌ఫర్డ్‌లో కాపురం పెట్టినప్పుడు రెండు నెలలు అక్కడ ఉన్నాను. రోజూ పొద్దున నడకకని బయలుదేరి ఆ స్టేషన్లు చూసి వచ్చేవాణ్ణి. ఇంట్లోవాళ్లు నవ్వుకునేవాళ్లు, లండన్ వచ్చి కోట చూడకుండా గోడలు తడుముతున్నాడని.

ముందు ఆ చోటు సంగతి. గాంట్స్ హిల్ అనే పేరు మధ్యయుగాల్లో అక్కడ ఉన్న లె గాంట్ అనే కుటుంబం వల్ల వచ్చిందంటారు. స్టేషనుకు ఆ పేరే పెట్టాలని మొదట్లో ఎవరూ అనుకోలేదు. కాగితాల మీద ఉన్నప్పుడు ‘ఇల్‌ఫర్డ్ నార్త్’ అన్నారు, ‘క్రాన్‌బ్రూక్’ అన్నారు. చివరికి ఊరివాళ్ల నోట్లో ఉన్న పేరే నిలిచింది. అప్పటికది లండన్ కూడా కాదు, ఎసెక్స్ జిల్లా. ఇప్పుడు రెడ్‌బ్రిడ్జ్ బరో (లండన్‌లో ఒక పాలనా విభాగం) అంటున్నది 1965లో ఏర్పడింది.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇల్‌ఫర్డ్ చుట్టూ పొలాలన్నీ ఇళ్లయిపోయాయి. మీ అమ్మాయి ఉంటున్నట్లు జంట ఇళ్లు, ముందు చిన్న తోట, వెనక కాస్త పెద్ద తోట, అలాంటివి వీధుల కొద్దీ లేచాయి. 1925లో ఈస్టర్న్ అవెన్యూ అనే కొత్త రోడ్డు వేయడంతో ఆ పని ఇంకా ఊపందుకుంది. ఇళ్లు వచ్చాయి, వాటిలోకి జనం వచ్చారు, పొద్దున ఆఫీసుకు వెళ్లడానికి బండి మాత్రం లేదు. ఉన్నదల్లా ఇల్‌ఫర్డ్ స్టేషను నుంచి లివర్‌పూల్ స్ట్రీట్‌కు వెళ్లే ఆవిరి రైళ్లు. వాటిలో కాలు పెట్టే చోటుండేది కాదు. ఉత్తరాన ఫెయిర్‌లాప్ లూప్ అని 1903లో వేసిన ఇంకో లైను ఉండేది. అదొక విచిత్రం. ముందు రైలు వేస్తే ఇళ్లు అవే వస్తాయని వేశారు, రాలేదు. ఆ లైను మీది హైనాల్ట్ స్టేషనును ప్రయాణికులు లేక 1908లో మూసేశారు, మళ్లీ 1930లో తెరిచారు. ఒకచోట రైలుంది, జనం లేరు. ఇంకోచోట జనం ఉన్నారు, రైలు లేదు. రెండిటి మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లు.

1933లో లండన్ బస్సులు, ట్రాములు, భూగర్భ రైళ్లు అన్నీ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. ఆ సంస్థ 1935లో సుమారు 4 కోట్ల పౌండ్ల పథకం ఒకటి ప్రకటించింది. అందులో ఒక ముక్క సెంట్రల్ లైను అనే భూగర్భ రైలు మార్గం తూర్పు పొడిగింపు. లివర్‌పూల్ స్ట్రీట్ దగ్గర ఆగిపోయిన ఆ గొట్టపు రైలును, అంటే గొట్టంలాంటి సొరంగాల్లో నడిచే రైలును, స్ట్రాట్‌ఫర్డ్ మీదుగా లేటన్‌స్టోన్ దాకా తెచ్చి, అక్కడి నుంచి ఉన్న పాత ఆవిరి లైన్ల మీదికి ఎక్కించాలి. ఇళ్లు కిక్కిరిసిన ఈస్టర్న్ అవెన్యూ కింద మాత్రం కొత్తగా సొరంగం తవ్వి, న్యూబరీ పార్క్ దగ్గర పాత లూపులో కలపాలి. ఆ కొత్త సొరంగం మీదివే వాన్‌స్టెడ్, రెడ్‌బ్రిడ్జ్, గాంట్స్ హిల్. మూడింటికీ రూపం గీసింది ఆర్కిటెక్టు చార్ల్స్ హోల్డెన్. లండన్ భూగర్భ రైలుకు ఈనాడు మనం చూసే ముఖం చాలావరకు ఆయన చేతిదే.

ఇక తవ్వకం. ఇక్కడ కాస్త ఆగుతాను, నన్ను ఆపకండి.

మన కొండల్లో తవ్వకం వేరు. కొండలైటు, చార్నొకైటు రాయి. ఆ కొండలైటు అనే పేరే మన కోంధు గిరిజనుల పేరు మీద పెట్టింది. రాతి ముఖానికి రంధ్రాలు వేయాలి, మందు కూరాలి, పేల్చాలి, పొగ పోయేదాకా బయట కూర్చోవాలి, తర్వాత పొడవాటి గడ్డపారలతో పైకప్పున వేలాడే రాళ్లు రాల్చాలి, అప్పుడు గానీ మనిషి లోపలికి అడుగుపెట్టకూడదు. రాయి గట్టిగా ఉన్నచోట లోపలి తొడుగు లేకపోయినా నూరేళ్లు నిలుస్తుంది. నానిన కొండలైటు తగిలిందా, వానాకాలంలో అది రాయి కాదు, అటుకులు. ఒకసారి లక్ష్మీపూర్ వైపు రాత్రి పనిలో నా కళ్ల ముందే పది అడుగుల కప్పు జారిపడింది. ఎవరికీ ఏమీ కాలేదు, భోజనాల వేళ కావడం వల్ల.

లండన్ కింద ఉన్నది నీలిబూడిద రంగు బంకమన్ను. దానికి మందు అక్కరలేదు. పెద్ద ఉక్కు గొట్టం లాంటి షీల్డును జాకీలతో ముందుకు నెట్టుతూ, దాని చాటున కూలీలు మన్ను కోస్తారు, సబ్బు కోసినట్లు వస్తుంది. నీరు కూడా పెద్దగా ఊరదు. కానీ ఆ మన్ను మన రాయిలా తనంత తాను ఎంతోకాలం నిలబడదు. రెండడుగులు ముందుకు వెళ్లగానే వెనక గుండ్రటి కడియం బిగించాలి. అప్పటిదాకా ఆ కడియాలు పోత ఇనుము ముక్కలతో చేసేవారు. 1930ల చివరికి దేశమంతా యుద్ధానికి ఆయుధాలు సిద్ధం చేసుకుంటోంది, ఇనుము ధర పెరిగింది. అందుకని రెడ్‌బ్రిడ్జ్, న్యూబరీ పార్క్ మధ్య ఇనుముకు బదులు ముందుగా పోసి ఆరబెట్టిన కాంక్రీటు ముక్కలు వాడారు. లండన్ గొట్టపు రైళ్లలో ఆ పద్ధతి మొదలైంది ఇక్కడే. మన పెరట్లో బావికి సిమెంటు ఒరలు దింపుతాం కదా, ఆ ఒరలను ముక్కలుగా చేసి, పక్కకు పడుకోబెట్టి, బోల్టులతో బిగించారనుకోండి. ఈ రోజు మన దేశంలో మెట్రోకు సొరంగం తవ్వే యంత్రం వెనక బిగించేవి కూడా ఆ జాతి ముక్కలే. ఆర్కిటెక్టు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ ఒరల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా దృష్టిలో గాంట్స్ హిల్ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇది. యుద్ధం ఇంకా మొదలు కాకముందే ఆ గోడలోకి దిగిపోయింది.

1940 నాటికి సొరంగాలు చాలావరకు పూర్తయ్యాయి. అక్కడ పని ఆగింది. ఆ శరత్కాలంలో లండన్ మీద బాంబుల వాన మొదలైంది. ఇల్‌ఫర్డ్‌లోనే వికారేజ్ లేన్‌లో ప్లెస్సీ అనే విద్యుత్ పరికరాల సంస్థకు కర్మాగారం ఉండేది. దాని మీద బాంబులు పడ్డాయి. పనివాళ్లు ఉన్నారు, యంత్రాలు కొన్ని మిగిలాయి, బాంబులు అందని చోటు కావాలి. మైలు దూరంలో రైలు లేని రైలు సొరంగం ఖాళీగా ఉంది. 1942 కల్లా అందులో పని మొదలైంది.

అక్కడ సుమారు 3 లక్షల చదరపు అడుగుల స్థలం దొరికిందని అంటారు. నేను నమ్మక కాగితం మీద లెక్క వేసుకున్నాను. సొరంగాలు రెండు, ఒక్కొక్కటి రెండున్నర మైళ్లు. అంటే రెండూ కలిపి 26,400 అడుగులు. గొట్టం అడ్డం 12 అడుగులు, అడుగున గచ్చు పోస్తే నడవడానికి మిగిలే వెడల్పు ఎంత లేదన్నా పది, పదకొండు అడుగులు. గుణించి చూడండి, సరిపోతుంది. ఇప్పుడు ఆ కర్మాగారాన్ని ఊహించండి. పదకొండు అడుగుల వెడల్పు, రెండున్నర మైళ్ల పొడవు. ఒక పక్కగా బల్లలు, యంత్రాలు. ఇంకో పక్క సరుకు లాగడానికి చిన్న పట్టాల మీద బుల్లి రైలు. నిజం రైలు కోసం తవ్విన సొరంగంలో మొదట తిరిగింది ఆ బొమ్మ రైలన్నమాట. మా చిన్నప్పుడు నౌపడా–పర్లాకిమిడి చిన్న రైలు ఎక్కినవాళ్లకు నవ్వు వస్తుంది. దాని పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, సొరంగంలోనిది అంతకన్నా చిన్నది.

దాదాపు 2,000 మంది అక్కడ పనిచేశారు, ఎక్కువమంది ఆడవాళ్లే. విమానాలకు కావలసిన విడిభాగాలు తయారుచేశారు. చలికాలంలో రాత్రి పని ముగించి పైకి వస్తే ఇంకా చీకటి, పగటి పనికి దిగేవాళ్లకు సాయంత్రం పైకి వచ్చేసరికి మళ్లీ చీకటి. వారంలో ఒక్కరోజు తప్ప సూర్యుణ్ణి చూడని బతుకు. సొరంగంలో నెలలకొద్దీ పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, తడి, శబ్దం ఇవి అలవాటవుతాయి. వేళ తెలియకపోవడం మాత్రం అలవాటు కాదు. మీ పక్కింటావిడకు చెప్పినవాళ్లు, బహుశా వాళ్లమ్మో పిన్నమ్మో, ఈ రెండు వేలమందిలో ఒకరై ఉంటే ఆవిణ్ణి ఇంకొంచెం అడగండి. రాసిపెట్టండి కూడా.

అదే పొడిగింపు మీద పడమటగా ఉన్న బెత్నల్ గ్రీన్ స్టేషను కూడా సగంలో ఆగిపోయింది, దాన్ని జనం తలదాచుకునే చోటుగా వాడారు. 1943 మార్చి 3 రాత్రి, హెచ్చరిక మోగాక జనం దిగుతుండగా, దగ్గరలో కొత్త రకం విమాన విధ్వంసక రాకెట్ల చప్పుడు వినిపించింది. బాంబు పడిందనుకుని తోసుకున్నారు. తడిసిన మెట్ల మీద ఒకరు జారారు, వెనకవాళ్లు వాళ్ల మీద పడ్డారు. 173 మంది చనిపోయారు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబు కూడా పడలేదు. మీరు సెంట్రల్ లైనులో నగరంలోకి వెళ్లేటప్పుడు ఆ స్టేషను దాటే వెళ్తారు.

యుద్ధం ముగిసింది, యంత్రాలు పైకి తీసి పట్టాలు దింపారు. 1946 డిసెంబరులో రైలు స్ట్రాట్‌ఫర్డ్ చేరింది, 1947 మేలో లేటన్‌స్టోన్, 1947 డిసెంబరు 14న న్యూబరీ పార్క్. గాంట్స్ హిల్ తెరిచింది ఆ రోజే. మన వైపువాళ్లకు ఆ తేదీ ఇంకోలా గుర్తుంటుంది. ఆ రోజున సర్దార్ పటేల్ కటక్‌లో ఒడిశా సంస్థానాధీశులను కూర్చోబెట్టి విలీనం సంగతి మాట్లాడుతున్నారు. ఆ సంస్థానాల పాలన ఒడిశా చేతికి వచ్చింది 1948 జనవరి 1న. అదే జనవరి 1న లండన్ రవాణా సంస్థను కూడా ప్రభుత్వం తీసేసుకుంది. అంటే ఈ స్టేషనును కన్న సంస్థ దాన్ని నడిపింది పద్దెనిమిది రోజులే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. పైన భవనం లేకపోవడానికి కారణం ఆ స్థలమే. ఈస్టర్న్ అవెన్యూ, క్రాన్‌బ్రూక్ రోడ్డు, వుడ్‌ఫర్డ్ అవెన్యూ కలిసే చోట బండ్లు చుట్టూ తిరిగివెళ్లే పెద్ద సర్కిల్ ఉంది. స్టేషను సరిగ్గా దాని కిందికి వచ్చింది. నట్టనడుమ భవనం కడితే దాన్ని చేరడానికి జనం ఆ బండ్ల ప్రవాహాన్ని దాటాలి. ఒక మూలన కడితే మిగతా మూలలవాళ్లు దాటాలి. అందుకని టికెట్ హాలునే సర్కిల్ కిందికి దింపి, అన్ని రోడ్ల అంచుల నుంచి నడక దారులు తవ్వి అందులో కలిపారు. ఆ దారులకు రోడ్డు మీద మెట్లు, ఒక గుండ్రటి గుర్తు తప్ప ఇంకేమీ కనబడవు. హోల్డెన్ అభిమానులకు ఇది లోటు. ఆయన వేరే చోట్ల కట్టిన ఎర్ర ఇటుకల గుండ్రటి భవనాలు, ఉదాహరణకు ఆర్నోస్ గ్రోవ్, దూరం నుంచే ఇది స్టేషను అని చెబుతాయి. ఇక్కడ మొదటిసారి వచ్చినవాడు స్టేషను నెత్తిన నిలబడి స్టేషను ఎక్కడని అడుగుతాడు. నేను అడిగాను.

రెండో ప్రశ్న, హాలు. మీరు మండపం అన్న మాట బాగుంది. ఎస్కలేటరు దిగగానే ఎదురుగా కమాను కప్పుతో పొడవాటి హాలు, రెండు పక్కలా స్తంభాల వరస, వాటి అవతల చెరో ప్లాట్‌ఫారం. లండన్ నడిబొడ్డు స్టేషన్లలో ఇలాంటిది దాదాపు లేదు. అక్కడ ఇరుకు దారుల్లో మలుపులు తిరిగి తిరిగి ప్లాట్‌ఫారం చేరాలి. దీన్ని మాస్కో మెట్రో చూసి కట్టారని ప్రతిచోటా రాస్తారు. అబద్ధం కాదు. 1935లో తెరిచిన మాస్కో మెట్రో స్టేషన్లకు నడుమ హాలు ఉంటుంది. కానీ ఆ మాట అంతటితో ఆపేస్తే, మాస్కోవాళ్లు గురువులు, లండన్‌వాళ్లు శిష్యులు అన్నట్లు వినిపిస్తుంది. మాస్కోలో పని మొదలైనప్పుడు సలహా ఇచ్చినవాళ్లలో లండన్ భూగర్భ రైలువాళ్లు ఉన్నారు. లండన్ సంస్థ ముఖ్యుడు ఫ్రాంక్ పిక్‌కు ఆ సహాయానికి సోవియట్ ప్రభుత్వం 1932లో గౌరవ చిహ్నం ఇచ్చింది. లండన్‌వాళ్లు లోతు స్టేషన్లు ఎలా కట్టాలో చెప్పారు, మాస్కోవాళ్లు వాటిని ఎంత ఘనంగా కట్టవచ్చో చూపించారు. ఇచ్చిపుచ్చుకోవడం ఇది.

ఇంకో కారణం ఎవరూ రాయరు, ఎందుకంటే అందులో రష్యా లేదు. పాత స్టేషన్లు 1900 ప్రాంతాల్లో ఇరుకు వీధుల కింద, లిఫ్టు బావుల చుట్టూ అల్లినవి. అసలు సెంట్రల్ లైను తెరిచిందే 1900లో. మన పర్లాకిమిడి చిన్న రైలు కూడా ఆ సంవత్సరమే, కాకపోతే కొన్ని నెలలు ముందు! ఆ పాత స్టేషన్లకు తర్వాత ఎస్కలేటర్లు పెట్టాలంటే ఉన్న బొరియలకే కొత్త బొరియలు అతికించాలి, అందుకే ఆ మలుపులు. గాంట్స్ హిల్ దగ్గర పైన వెడల్పాటి కొత్త రోడ్డు, కింద మంచి బంకమన్ను, మొదటి గీత నుంచీ ఎస్కలేటరే లెక్కలో ఉంది. అప్పుడు రెండు ప్లాట్‌ఫారం గొట్టాల నడుమ మూడో గొట్టం పెట్టి, గోడలకు ద్వారాలు తీయడం ఇంజనీరుకు సహజంగా తోచే పని. అంత ఎత్తు కమాను కప్పు మాత్రం అవసరం కాదు, అది హోల్డెన్ కోరిక. ఆ కోరికకు డబ్బులిచ్చినవాళ్లకు నమస్కారం.

శివారుకు అంత హాలు దేనికన్నారు. ఇల్‌ఫర్డ్ ఉత్తరాన ఇళ్లు ఇంకా పెరుగుతూనే ఉంటాయని 1930లలో లెక్క కట్టారు. యుద్ధం తర్వాత లండన్ చుట్టూ పొలాలను కాపాడే పచ్చని వలయం నిబంధన వచ్చింది, ఆ దూరపు ఇళ్లు రాలేదు. అందుకే ఈ లైను కొసలు ఈనాటికీ ఖాళీగా ఉంటాయి. ఆంగర్ దాకా ఉన్న చివరి ముక్కను 1994లో మూసేశారు. గాంట్స్ హిల్‌కు మాత్రం తనంత తానుగా జనం ఉన్నారు, ఇప్పుడు అందులో మనవాళ్లు కూడా బోలెడు మంది. సాయంత్రం ఆరింటికి ఆ ఎస్కలేటరు పక్కన నిలబడితే తెలుగు వినబడకుండా పది నిమిషాలు గడవదు.

మళ్లీ వెళ్లినప్పుడు మీ మనవణ్ణి తీసుకుని ఈ వరసలో చూడండి. ముందు రెడ్‌బ్రిడ్జ్‌లో దిగండి. పక్కన రోడింగ్ నది ఉండడం వల్ల అక్కడ లోతుకు పోకుండా పైనుంచి కందకం తవ్వి కప్పేశారు, ప్లాట్‌ఫారం నేలకు పాతికడుగుల కిందే ఉంటుంది. తర్వాత బండిలో గాంట్స్ హిల్ వస్తే ఆ ఎస్కలేటరు ఎంత పొడవో వాడికే అర్థమవుతుంది. హాలులో గడియారం చూపించండి, అంకెలు ఉండవు, అంకెల చోట సంస్థ గుండ్రటి గుర్తు పన్నెండుసార్లు ఉంటుంది. ఆ తర్వాత న్యూబరీ పార్క్ వైపు బండి ఎక్కి, వెలుతురు వచ్చేదాకా వాణ్ణి కిటికీ దగ్గరే నిలబెట్టండి. అక్కడ దిగితే 1949లో కట్టిన రాగి కప్పు బస్సు స్టాండు ఉంది, దాని కమాను కూడా ఒకసారి చూసి, అక్కడి నుంచి ఇంటికి బస్సులో రండి.